మగాళ్ళ హార్మోన్ ప్యాకేజీ యాప్‌కి 2 స్టార్లు, మున్నేకొళాల సందులో ల్యాబ్‌కి 4

ముందే చెప్తున్నా, ఇది నలుగురిలో మాట్లాడే టాపిక్ కాదు, అందుకే నా పేరు రాయట్లేదు, ఆ యాప్ పేరు కూడా రాయట్లేదు. వయసు 41, సొంతూరు అనంతపురం, పదకొండేళ్ళుగా బెంగళూరులో, మారతహళ్ళి బ్రిడ్జి దాటాక మున్నేకొళాలలో అద్దెకుంటున్నాం. పోయినేడాది నుంచి మధ్యాహ్నం మూడైతే చాలు కుర్చీలోనే కళ్ళు మూతలు పడేవి, గడ్డం నాలుగు రోజులకోసారి గీసినా ఎవరికీ తెలిసేది కాదు, ఇంట్లో ఆ విషయం మీద ధ్యాసే పోయింది. మా ఆవిడ పాపం ఏమీ అనలేదు గానీ ఒకరోజు "ఒకసారి రక్తం చూపించుకోరాదూ" అంది. అంతే, ఆ రాత్రే ఫోన్‌లో యాడ్ వచ్చింది, 80కి పైగా టెస్టులు, మగాళ్ళ హార్మోన్ ప్యాకేజీ, 1,999 రూపాయలు, ఇంటికొచ్చి తీసుకుంటారు, డాక్టర్ కాల్ ఫ్రీ. ఈ ఫోన్లు మనం మాట్లాడుకునేది వింటాయో ఏమో నాకైతే తెలీదు.

సరే బుక్ చేసా. పొద్దున 7 గంటల స్లాట్లన్నీ ఫుల్, 11 నుంచి 12 మధ్యలో దొరికింది. ముందురోజు రాత్రి ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉండి మూడింటిదాకా కాల్‌లో ఉన్నా, తొమ్మిదిన్నరకి లేచి ఇడ్లీ వడ తిని కాఫీ తాగి కూర్చున్నా. 11:40కి అబ్బాయి వచ్చాడు, హెల్మెట్ తీస్తూ "తిండి ఆయ్తా సార్?" అన్నాడు. ఇక్కడున్నోళ్ళకి తెలుసుగా, బెంగళూరులో అది ప్రశ్న కాదు పలకరింపు. నేను కూడా పలకరింపుగానే "ఆయ్తు ఆయ్తు, నిమ్దు?" అన్నా. ఆయన నవ్వి బ్యాండు కట్టి "స్వల్ప నోవాగుత్తె", అంటే కొంచెం నొప్పేస్తుంది, అని సూది గుచ్చేసాడు. అంటే తిన్నానని నా నోటితో నేనే చెప్పా, ఆయన విన్నాడు, ఇద్దరికీ అది టెస్టుకి సంబంధించిన మాట అని తట్టలేదు. అబ్బాయిని ఏమీ అనను, చెయ్యి మాత్రం చాలా మంచిది, నొప్పే తెలీలేదు, ఆ 2 స్టార్లలో ఒకటి అతనిదే.

సాయంత్రానికి రిపోర్టు వచ్చింది, 22 పేజీలు. ప్రతి పేజీలో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో స్పీడోమీటర్ లాంటి బొమ్మ. విటమిన్ డి ఎరుపు, ఆఫీసు ఏసీలో కూర్చునే ఎవడికి చూసినా అది ఎరుపే. 14వ పేజీలో టోటల్ టెస్టోస్టెరాన్, అంటే మగ హార్మోను మొత్తం, 231, నార్మల్ 241 నుంచి 827 అని వేసి ముల్లు ఎరుపులో పెట్టారు. 80 టెస్టుల్లో నా సమస్యకి సంబంధించింది ఈ ఒక్క లైనే. దాంతోపాటు చూడాల్సిన ఎల్‌హెచ్ లేదు, ఎఫ్‌ఎస్‌హెచ్ లేదు, ఎస్‌హెచ్‌బీజీ లేదు, ప్రోలాక్టిన్ లేదు. కిడ్నీకి ఏడు లైన్లు, లివర్‌కి పదకొండు లైన్లు, వాటి మధ్య నిష్పత్తులు కూడా కలిపి టెస్టుల లెక్క 80 చేసారు. హార్మోన్ ప్యాకేజీ అని పేరు పెట్టి హార్మోన్లు వదిలేస్తే ఎట్లా సామీ, బిర్యానీ ఆర్డర్ పెడితే రైతా, సేర్వా, ఉల్లిపాయలు, నిమ్మకాయ అన్నీ వచ్చి బిర్యానీ రాకపోయినట్టు.

ఫ్రీ డాక్టర్ కాల్ సరిగ్గా నాలుగు నిమిషాలు. "స్ట్రెస్ వల్ల సార్, మా మూడు నెలల అశ్వగంధ కాంబో తీసుకోండి, తగ్గకపోతే ఇంజెక్షన్ మొదలుపెడదాం" అన్నాడు. కాంబో 5,400. పెళ్ళైందా, పిల్లలున్నారా, చిన్నప్పుడు ఏమైనా జబ్బు చేసిందా, ఏమేం మందులు వాడుతున్నావు, ఒక్కటీ అడగలేదు.

కాంబో కొనకుండా ఆపింది మా ఆవిడే. వైట్‌ఫీల్డ్ వైపు ఒక ఎండోక్రినాలజిస్ట్, అంటే హార్మోన్ల డాక్టర్, మేడమ్ దగ్గరికి తీసుకెళ్ళింది. లేడీ డాక్టర్ ముందు ఇవన్నీ ఎట్లా చెప్పాలి అని నేను బయటే నసుగుతుంటే, "ఆమె రోజూ వినేదే కదా" అని లోపలికి తోసింది. మేడమ్‌ది గుంటూరు వైపంట, తెలుగులోనే మాట్లాడారు, సగం భయం అక్కడే పోయింది. 22 పేజీలు టకటకా తిప్పి 14 దగ్గర ఆగి, "దీంట్లో నాకు పనికొచ్చేది ఈ లైను ఒక్కటేనండీ, అది కూడా టైము తప్పు" అన్నారు.

అప్పుడు చెప్పారు, నాకు అసలు తెలియని సంగతి. ఈ హార్మోను తెల్లవారుజామున ఎక్కువగా ఉండి పొద్దెక్కేకొద్దీ తగ్గుతూ పోతుంది, అందుకని పొద్దున పూట, ఏమీ తినకుండా, అది కూడా రెండు వేరువేరు రోజులు చూసి రెండుసార్లూ తక్కువొస్తేనే తక్కువ అనాలని 2018లో ఎండోక్రైన్ సొసైటీ ఇచ్చిన గైడ్‌లైన్లోనే ఉందంట. తిన్నాక, ముఖ్యంగా తీపి పడ్డాక, కొన్ని గంటలు అంకె బాగా పడిపోతుంది. నిద్ర కూడా అంతే, 2011లో అమెరికాలో పదిమంది కుర్రాళ్ళని ఒక వారం రోజులు ఐదు గంటలే పడుకోనిచ్చి చూస్తే పగటి పూట టెస్టోస్టెరాన్ 10 నుంచి 15 శాతం తగ్గిందంట, నేనేమో రిలీజ్ నైట్ చేసి ఇడ్లీ వడ తిని కూర్చున్నా. జ్వరమొచ్చి తగ్గిన వారంలో చేయించుకున్నా తక్కువే చూపిస్తుందంట.

తర్వాత మేడమ్ అడిగిన మొదటి ప్రశ్న, "ఇంకో బిడ్డ కావాలనుకుంటున్నారా?" మాకు పాప ఉంది, ఎనిమిదేళ్ళు, రెండోది వద్దనే అనుకున్నాం, అదే చెప్పాం. ఆమె మా ఇద్దరి మొహాలూ చూసి మళ్ళీ అడిగారు, ఖచ్చితంగానా అని. ఎందుకంటే బయటి నుంచి టెస్టోస్టెరాన్ ఇస్తే మెదడు "ఓహో సరుకు సరిపోతోంది" అనుకుని వృషణాలకి పంపే ఆర్డర్లు, అంటే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్లు, ఆపేస్తుంది, దాంతో వీర్యకణాలు పడిపోతాయి, కొందరికి సున్నాకి కూడా వస్తాయి. పిల్లలు కావాలనుకునే వాళ్ళకి ఈ ట్రీట్‌మెంట్ మొదలెట్టరు, వేరే దారులు చూస్తారు. నాలుగు నిమిషాల డాక్టరు ఇది అడగకుండానే ఇంజెక్షన్ అన్నాడు చూడండి, నాకు కోపం అక్కడొచ్చింది. మాకంటే అయిపోయింది, నిన్నగాక మొన్న పెళ్ళైన కుర్రాడైతే?

మేడమ్ చేత్తో రాసిచ్చిన లిస్టు ఎనిమిదే లైన్లు. టోటల్ టెస్టోస్టెరాన్, ఎస్‌హెచ్‌బీజీ, ఆల్బుమిన్, ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ప్రోలాక్టిన్, సీబీసీ (రక్తకణాల లెక్క), పీఎస్ఏ (ప్రోస్టేట్ గ్రంథి టెస్టు). ఎక్కడైనా చేయించుకోండి, ల్యాబ్‌ల నాణ్యత చూసే ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉందో లేదో మాత్రం చూసుకోండి అన్నారు.

ఇప్పుడు అసలు ల్యాబ్ సంగతికొస్తా. మా ఇంటి వెనక సందులో, బేకరీ పైన, మెట్లెక్కి పోవాలి, బోర్డు సగం వెలిసిపోయింది, పదకొండేళ్ళుగా దాని కిందనుంచే పోతున్నా ఎప్పుడూ పైకి చూడలేదు. కౌంటర్‌లో ఒక అక్క ఉంటుంది, ముళబాగిలు వైపు, తెలుగు కన్నడ కలిపి మాట్లాడుతుంది. లిస్టు చూసి నా మొహం చూసి గొంతు తగ్గించి అడగడం మొదలెట్టింది. నైట్ షిఫ్టా? జ్వరం గిరం వచ్చిందా? జిమ్ పౌడర్లు? "జుట్టుకి ఏమైనా మాత్రలు మింగుతున్నావా అన్నా?"

ఆ చివరి ప్రశ్నకి నేను నవ్వా. మింగుతున్నా, బయోటిన్ అనే విటమిన్ మాత్ర, రోజూ ఒకటి, బట్టతల వస్తోందని ఆర్నెల్ల నుంచి. ఆమె పెన్ను పక్కన పెట్టేసింది. "మూడు రోజులు ఆపి రా." ఎందుకంటే కొన్ని మెషీన్లు బయోటిన్‌నే జిగురులాగా వాడుకుని హార్మోన్లు లెక్కపెడతాయి, మన రక్తంలో మాత్రల బయోటిన్ ఎక్కువగా తిరుగుతుంటే లెక్క తప్పుతుంది, టెస్టోస్టెరాన్ ఉన్నదానికంటే ఎక్కువగా, ఎల్‌హెచ్, థైరాయిడ్ టెస్టు టీఎస్‌హెచ్, పీఎస్ఏ లాంటివి తక్కువగా చూపించొచ్చు. అంటే యాప్ వాళ్ళ 231 ఒకవైపు ఇడ్లీ వడ కిందికి లాగి, ఇంకోవైపు బయోటిన్ పైకి నెట్టిన అంకె, దేని బలమెంతో ఎవరు చెప్తారు. డబ్బులు చేతిలో పట్టుకుని వచ్చిన కస్టమర్‌ని వెనక్కి పంపిన ల్యాబ్‌ని నేను బెంగళూరులో ఇదే చూడ్డం.

ఇంకోటి కూడా చెప్పింది, ఫాస్టింగ్ అంటే నీళ్ళు కూడా ముట్టకూడదని కాదు, నీళ్ళు బాగా తాగి రా, లేకపోతే నరం దొరకదు, రక్తం చిక్కబడి సీబీసీలో అంకెలు పెరుగుతాయి అని. నైట్ షిఫ్ట్ వాళ్ళకైతే గడియారం 7 కాదంట, వాళ్ళు నిద్రలేచే టైము చూసుకుని లేచిన రెండు మూడు గంటల్లోపు రమ్మంటుంది. ఐటీ వాళ్ళ మధ్య ల్యాబ్ పెట్టుకున్నాక ఆ మాత్రం తెలియాలి కదా, అయినా ఎవరూ చెప్పరు.

మూడు రోజులయ్యాక పొద్దున 7:30కి ఇచ్చా. సాయంత్రం వాట్సాప్‌లో రిపోర్టు, రెండే పేజీలు, రంగుల్లేవు, బొమ్మల్లేవు. టోటల్ టెస్టోస్టెరాన్ 7.1.

ఏడు! మొన్న 231 ఉన్నది ఏడుకి పడిపోయింది అనుకుని నాకు కాళ్ళు చల్లబడ్డాయి, నిజంగా చెప్తున్నా, డాబా మీద ట్యాంకు పక్కన కూర్చుండిపోయా. మా ఆవిడ వచ్చి ఫోన్ తీసుకుని చూసి "యూనిట్లు వేరే ఉన్నాయి కదా" అంది. యాప్ వాళ్ళది నానోగ్రాములు పర్ డెసిలీటర్, వీళ్ళది నానోమోల్స్ పర్ లీటర్. 28.84తో గుణిస్తే 205 వస్తుంది. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివిన ఆవిణ్ణి పెళ్ళి చేసుకోవడం వల్ల లాభం అది ఒక్కటేనని తర్వాత జోక్ చేసి తిట్లు తిన్నా. కానీ ల్యాబ్‌కి ఒక స్టార్ తగ్గించింది ఇక్కడే, పక్కన ఇంకో యూనిట్‌లో కూడా అంకె వేస్తే ఏం పోతుంది. నార్మల్ రేంజ్ కూడా వీళ్ళది 8.64 నుంచి 29, మెషీన్ మారితే గీత మారుతుంది, అందుకే ఒక ల్యాబ్ అంకెని ఇంకో ల్యాబ్ గీతతో పోల్చుకోకూడదు, ఒక్కచోటే చేయించుకుంటూ పోవాలి.

వారం తర్వాత రెండోసారి 7.6. సో నిజంగానే తక్కువ. ఎస్‌హెచ్‌బీజీ 38, మధ్యలో ఉంది. ఇదెందుకంటే రక్తంలో తిరిగే టెస్టోస్టెరాన్‌లో ఎక్కువ భాగం ఈ ప్రోటీన్‌కి, ఆల్బుమిన్‌కి అంటుకుని ఉంటుంది, విడిగా తిరిగేది కొంచెమే. బాగా లావుగా ఉన్నవాళ్ళకి ఎస్‌హెచ్‌బీజీ తగ్గి టోటల్ కూడా తక్కువగా కనిపిస్తుంది, విడి భాగం మాత్రం బాగానే ఉండొచ్చు, వయసు పెరిగితే దీనికి రివర్స్. అది చూడకుండా టోటల్ ఒక్కటీ పట్టుకుని ఇంజెక్షన్ ఇవ్వడమంటే జీతం గ్రాస్ చూసి ఈఎంఐ పెట్టుకున్నట్టే.

అసలు కథ ఎల్‌హెచ్‌లో ఉంది. 16.2 వచ్చింది, పై గీత 8.6. ఎఫ్‌ఎస్‌హెచ్ కూడా రెట్టింపు. నేనేమో ఎక్కువుంటే మంచిదే కదా అనుకున్నా. మేడమ్ ఇలా చెప్పారు, ఎల్‌హెచ్ అనేది మెదడు కింద ఉన్న పిట్యూటరీ నుంచి వృషణాలకి వెళ్ళే ఆర్డరు. టెస్టోస్టెరాన్ తక్కువుండి ఆర్డరు కూడా తక్కువుంటే పైన ఆఫీసులో సమస్య, అప్పుడు ప్రోలాక్టిన్ అనే ఇంకో హార్మోను, కొందరికి తలకి ఎమ్మారై దాకా వెళ్ళాలి. ఆర్డరు ఇంతింత గట్టిగా వెళ్తున్నా సరుకు రావట్లేదంటే ఫ్యాక్టరీలో సమస్య. "చిన్నప్పుడు అక్కడ దెబ్బ గానీ, గవదబిళ్ళలు గానీ?" అని అడిగారు. గుర్తులేదన్నా.

ఇంటికొచ్చి అమ్మకి ఫోన్ చేసా. ఎట్లా అడగాలో తెలీక వాన పడిందా, శనక్కాయ ఎట్లుంది అని పది నిమిషాలు తిప్పి తిప్పి చివరికి అడిగితే, "ఎందుకు గుర్తులేదురా, టెన్త్ పరీక్షలప్పుడు గవదబిళ్ళలొచ్చి మొగమంతా వాచి, ఆనక కింద కూడా వాచి నడవలేకపోతే మీ నాయన సైకిలు మీద ఆసుపత్రికి తీసుకపోలేదా" అంది. వయసొచ్చాక గవదబిళ్ళలు వస్తే కొందరికి వృషణాలకి దిగుతుంది, అందులో కొద్దిమందికి అవి కుచించుకుపోయి తర్వాతెప్పుడో ఇట్లా బయటపడుతుందంట. పుట్టుకతో వచ్చే కారణం కాదని తేల్చుకోవడానికి క్రోమోజోమ్ టెస్టు కూడా చేయించారు, నార్మల్. పాతికేళ్ళ కిందటి జబ్బు ఒక్క ఎల్‌హెచ్ లైనులో దొరికింది, అది యాప్ వాళ్ళ 80 టెస్టుల్లో లేదు. అశ్వగంధ కాంబో వేసుకుని ఉంటే మూడు నెలలు చెడిపోయిన ఫ్యాక్టరీకి దండం పెట్టుకుంటూ కూర్చునేవాణ్ణి.

ట్రీట్‌మెంట్ గురించి పొడుగ్గా రాయను, అది డాక్టర్ పని. ఒంటికి పూసుకునే టెస్టోస్టెరాన్ జెల్ అన్నారు ముందు, కానీ పూసుకున్న చోట పాప తగిలితే ఆ పిల్లకి హార్మోను అంటుకునే ప్రమాదముంది, మా పాప వచ్చి భుజమ్మీద పడుకుంటేనే నిద్రపోతుంది, వద్దనుకున్నాం. చివరికి డిపో ఇంజెక్షన్, అంటే ఒంట్లో నెమ్మదిగా వదిలే రకం, టెస్టోస్టెరాన్ అండెకనోయేట్, 1000 మిల్లీగ్రాములు, 4 ఎంఎల్, పిరుదులో మెల్లగా ఎక్కిస్తారు. మొదటిది అయ్యాక ఆరు వారాలకి రెండోది, తర్వాత పన్నెండు వారాలకోసారి. నాకిచ్చినది ఆముదంలో కలిపిన మందు! మా అవ్వ చిన్నప్పుడు ముక్కు మూసి ఆముదం పోసేది, ఇప్పుడు డబ్బులిచ్చి సూదితో పొడిపించుకుంటున్నా. ఆ నూనె చుక్క రక్తంలోకి పోతే దగ్గు, ఆయాసం రావొచ్చని క్లినిక్‌లో అరగంట కూర్చోబెట్టి పంపారు.

మొదలుపెట్టాక చూడాల్సింది వేరే లిస్టు. ముఖ్యమైంది సీబీసీలో హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల వాటా, ఈ మందు దాన్ని పెంచుతుంది. మొదలుపెట్టక ముందు నాది 45.1, రెండో చెకప్‌కి 49.6. 54 దాటితే మందు ఆపి చూస్తారు, రక్తం చిక్కబడితే గడ్డలు కట్టే భయం. నేను 49.6 చూసి బెదిరితే మేడమ్ "నీళ్ళు తాగి వెళ్ళారా?" అన్నారు, ఆ రోజు తాగలేదు, మళ్ళీ తాగి ఇస్తే 48.2. పీఎస్ఏ 0.7 నుంచి 0.9, ఏడాదిలో 1.4 కంటే ఎక్కువ పెరిగితే యూరాలజిస్ట్ దగ్గరికి పంపుతారంట. గుండె సంగతి అడిగితే 2023లో ట్రావర్స్ అని పెద్ద ట్రయల్ వచ్చింది, 5 వేలమందికి పైగా చూసారు, గుండెపోటు, పక్షవాతం లాంటివి డమ్మీ మందు వాళ్ళకంటే ఎక్కువ కాలేదు గానీ గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో గడ్డ కొంచెం ఎక్కువ కనిపించాయి, అందుకే చెకప్‌లు మానొద్దు అన్నారు.

టెస్టోస్టెరాన్ టెస్టుకి రక్తం ఎప్పుడు ఇవ్వాలన్నది కూడా మందుని బట్టి ఉంటుంది. నాది తర్వాతి ఇంజెక్షన్‌కి ముందు ఇవ్వాలి, రెండు మూడు వారాలకోసారి వేసుకునే రకమైతే రెండు సూదుల మధ్యలో, జెల్ అయితే పూసుకున్న 2 నుంచి 8 గంటల్లో. మా ఆఫీసులో కర్నూలు కుర్రాడొకడు జిమ్ కోచ్ మాట విని పొడిపించుకుని, రెండో రోజే టెస్టు చేయించుకుని 1,400 వచ్చిందని లంచ్‌లో అందరికీ చూపించాడు. వాడికి వచ్చే శ్రావణంలో పెళ్ళి. పక్కకి తీసుకెళ్ళి చెప్పా, వింటాడో లేదో.

నాది సూదికి ముందు రోజు 13.4 వచ్చింది, అంటే 386 లాగా. మేడమ్ బాగుంది అన్నారు. నేను అతితెలివితో ఆ లిస్టుకి ఎల్‌హెచ్ కూడా కలిపి ఇచ్చా, అది 1.3, పక్కన ఎల్ అని తక్కువ గుర్తు. మళ్ళీ డాబా, మళ్ళీ ట్యాంకు పక్కన. ఏం కాలేదంట, బయట నుంచి సరుకు వస్తోందని ఆర్డర్లు ఆగాయి, అది అట్లనే ఉండాలి, ఈ టెస్టుకి ఇక డబ్బు తగలేయొద్దు అన్నారు. కౌంటర్ అక్క కూడా బిల్లు వేస్తూ "ఇది మేడమ్ రాయలేదే" అంది, నేనే విననిది.

మధ్యాహ్నం నిద్ర పోయింది, గడ్డం రోజూ గీయాల్సొస్తోంది, మిగతావి ఇక్కడ రాయను. యాప్ వాళ్ళు ఇంకా మెసేజ్‌లు పెడుతున్నారు, రీటెస్ట్ 40 శాతం తగ్గింపు అని.

ల్యాబ్‌కి వెళ్ళేవాళ్ళకి ఒక మాట, పొద్దున ఆరున్నరకే తెరుస్తారు, ఆదివారం మాత్రం ఎనిమిదికి. పార్కింగ్ లేదు. బండి ఎదురుగా జ్యూస్ షాపు ముందు పెడితే ఆయన కన్నడలో తిడతాడు, రక్తం ఇచ్చి దిగొచ్చాక ఆయన దగ్గరే ఒక మోసంబి జ్యూస్ తాగితే ఏమీ అనడు.